30 యూనిట్ల బ్యాటరీతో అరకు ఎక్కి దిగొచ్చా? (అమ్మతో, లగేజీతో, చలికాలంలో)

గోపాలపట్నం_కిరణ్
డిసెంబరు 2, రాత్రి 9:40

అందరికీ నమస్తే. రెండేళ్ల నుంచి ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి. మాది నెక్సాన్ ఈవీ, ఎలక్ట్రిక్ కారు, 2021ది, 30.2 యూనిట్ల బ్యాటరీ, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. ఊళ్లో తిరగడానికి బంగారం లాంటి బండి, గోపాలపట్నం నుంచి గాజువాక ఆఫీసుకి వెళ్లి రావడం, వారానికి రెండుసార్లు ఇంట్లో ప్లగ్గు పెడితే అయిపోద్ది. ఇప్పుడు వచ్చిన గొడవ ఏటంటే మా అమ్మకి పాడేరు మోదకొండమ్మ తల్లి మొక్కు ఉంది, మా ఆవిడకి అరకులో వలిసె పూలు చూడాలని ఉంది, మా వాడికి బొంగులో చికెన్ కావాలి. అన్నీ కలిపి 13 శనివారం పొద్దున్నే ఎస్.కోట మీదుగా అరకు, రాత్రికి అక్కడే, ఆదివారం పాడేరు, కుదిరితే అట్నుంచి అటే చింతపల్లి, లంబసింగి చూసుకుని నర్సీపట్నం దిగి ఇంటికి అనుకుంటున్నాం.

ప్లెయిన్‌లో నాకు ఫుల్ చార్జింగ్‌కి 190, 200 కిలోమీటర్లు వస్తోంది. ఘాట్‌లో ఎంత తింటాదో తెలీదు. చార్జింగ్ స్టేషన్లు చూపించే ఒక యాప్‌లో అరకులో పచ్చ చుక్క చూపిస్తోంది గానీ కింద రెండే రివ్యూలు, ఒకడు సూపర్ అన్నాడు, ఇంకొకడు షట్టర్ వేసుంది అన్నాడు. లాడ్జి వాడికి ఫోన్ చేస్తే "చార్జింగ్ ఉంది సార్, ప్రతి రూములో ఉంది" అన్నాడు, వాడు చెప్పేది ఫోన్ చార్జింగ్ అని నాకు అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది.

వెళ్లొచ్చా, మానుకోవాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పెట్రోలే_ముద్దు
డిసెంబరు 2, రాత్రి 9:52

పొద్దున్న కిరండూల్ పాసింజరు ఎక్కెయ్ బ్రదర్, అద్దాల పెట్టెలో కూర్చుని జీడిపప్పు తింటా వెళ్లొచ్చు. అదీ ఎలక్ట్రిక్కే 😂

ఘాట్‌రోడ్_గిరి
డిసెంబరు 2, రాత్రి 10:31

కిరణ్ గారూ ఎల్లొచ్చండి. సేమ్ బండి, సేమ్ బ్యాటరీ, నేను నాలుగుసార్లు ఎక్కా, ఒకసారి వానాకాలంలో కూడా. ముందే ఒక మాట చెప్తా, మీరు భయపడేది ఎక్కడో కాదు, డముకు దగ్గర. ఎస్.కోట దాటి కాశీపట్నం వరకు బాగానే ఉంటాది, తర్వాత టైడా, డముకు ఎక్కుతుంటే మీటర్లో రేంజి, అంటే ఇంకా ఎన్ని కిలోమీటర్లు వెళ్తాదో చూపించే నంబరు, కళ్ల ముందే కరిగిపోద్ది. 140 అని చూపించింది పది నిమిషాల్లో 95, ఇంకో పది నిమిషాల్లో 70 అయిపోద్ది, అరకు ఇంకా చాలా దూరం ఉంటాది. పక్కన కూర్చున్నోళ్లు చూశారంటే ఇక అయిపోయినట్టే. మా బావమరిది మొదటిసారి ఆ నంబరు చూసి ఆటో వెనక్కి మాట్లాడదామా అన్నాడు.

ఆ నంబరు చాలా బండ్లలో అంతేనండి, ఇంతవరకు తిన్న లెక్కనే ముందుకి సాగదీసి చూపిస్తాది. మిగతా దారంతా ఇలాగే నిటారుగా ఎక్కుతామనుకుంటాది పిచ్చిది. దాన్ని చూడకండి, పర్సంటేజి ఒక్కటే చూడండి. నాకు ఎస్.కోటలో 75 ఉంటే గాలికొండకి 40 అటూఇటూ, అక్కడి నుంచి అరకులోకి దిగడమే కాబట్టి ఇంకో నాలుగు పోద్ది అంతే. వెళ్లడం సమస్య కాదు. అక్కడ ఏ ప్లగ్గూ లేకుండా అట్నుంచి అటే తిరిగి వైజాగ్ రావాలంటే మాత్రం కొత్తవలస, పెందుర్తి మధ్యలో దేవుడా అనుకోవాలి. రాత్రికి పదిహేను యాంప్స్ సాకెట్ దొరికితే చాలు, ఆరేడు గంటలు పెట్టారంటే తీరిపోద్ది.

గోపాలపట్నం_కిరణ్
డిసెంబరు 2, రాత్రి 10:48

గిరి గారూ ప్రాణం లేచొచ్చింది. ఏసీ ఆపాలా? అమ్మకి ఘాట్‌లో వాంతులవుద్ది, అద్దాలు మూస్తే ఊరుకోదు, తెరిస్తే చలి అంటాది.

ఘాట్‌రోడ్_గిరి
డిసెంబరు 2, రాత్రి 11:02

డిసెంబరులో ఏసీ అక్కర్లేదు గానీ అనంతగిరి దాటాక మంచు పొగ పట్టిందంటే లోపల అద్దం మీద ఆవిరి కమ్మేస్తాది, అప్పుడు ఏసీ వేసి అద్దం మీదికి కొట్టాల్సిందే, పర్సంటేజి కోసం కక్కుర్తి పడొద్దు. మొత్తం ఘాట్‌కి ఏసీ వేసినా నాలుగైదు పర్సంట్ కన్నా పోదు. అమ్మగార్ని ముందు సీట్లో కూర్చోబెట్టండి. ఇంకోటి, రీజెన్ (కాలు తీస్తే మోటారే బండిని ఆపుతా బ్యాటరీకి కరెంటు ఎక్కించేది) ఫుల్ పెట్టి కాలు టక్కున తీస్తే బండి గుంజుద్ది, వెనకోళ్లకి వాంతులు దానివల్లే ఎక్కువ. యాక్సిలేటరు మెల్లిగా వదలండి.

లెక్కల_మాస్టారు
డిసెంబరు 3, ఉదయం 6:15

పదో తరగతి ఫిజిక్సు చాలు దీనికి. బండి 1400 కేజీలు, మీరు నలుగురు, సామాను, మొత్తం 1700 అనుకుందాం. 1000 మీటర్లు పైకి లేపాలంటే 1700 ఇంటూ 9.8 ఇంటూ 1000, కోటీ 67 లక్షల జౌళ్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు. భాగించండి, 4.6 యూనిట్లు. మోటారులో, గేర్లలో పోయేది కలిపితే 5 పైన. అంటే ప్రతి 100 మీటర్ల ఎత్తుకి అర యూనిట్ పైచిలుకు. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే ఏ కొండైనా ఇంట్లో కూర్చునే లెక్కేసుకోవచ్చు, ఫోన్ మ్యాపులో ఊరి ఎత్తు చూసుకోవడమే.

ఇది ఎత్తుకి మాత్రమే. దూరానికి తినేది వేరే. కానీ అక్కడ మీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఘాట్‌లో వేగం 30, 35 దాటదు, ఆ వేగంలో గాలి అడ్డు దాదాపు ఉండదు, హైవేలో 100లో పోయేటప్పుడు గాలిని చీల్చడానికి తగలేసే కరెంటు ఇక్కడ మిగులుతుంది. అందుకే జనం "ఘాట్ రోడ్డు డబుల్ తినేస్తుందట" అనుకుని భయపడతారు గానీ అంత ఉండదు.

దిగేటప్పుడు ఎక్కడానికి ఖర్చయిన దాంట్లో సగం పైన వెనక్కొస్తుంది, 1000 మీటర్లకి 3 యూనిట్ల దాకా. అయితే అదే దారిలో చక్రాలు తిరగడానికి ఖర్చూ ఉంటుంది కాబట్టి కిందికొచ్చేసరికి పర్సంటేజి పెరగలేదే అని నిరాశ పడొద్దు, 40 కిలోమీటర్లు వచ్చినా తగ్గకపోవడమే లాభం.

పెట్రోలే_ముద్దు
డిసెంబరు 3, ఉదయం 8:20

అరకు వెళ్లడానికి ఐఐటీ ఫౌండేషన్ చదవాలని తెలీదు మాస్టారూ. నేనైతే ఎస్.కోటలో 500 కొట్టించి వెళ్లిపోతా.

లెక్కల_మాస్టారు
డిసెంబరు 3, ఉదయం 8:41

దిగేటప్పుడు మీ 500లో ఒక్క రూపాయైనా బంకు వాడు తిరిగిస్తాడా బాబూ?

తిరుపతోడు
డిసెంబరు 3, ఉదయం 10:05

మాస్టారు కొట్టినాడు చూడు 👏

కిరణన్నా, నాది చిన్న ఎలక్ట్రిక్ బండే, నెలకి నాలుగుతూర్లు కొండకి పోతాంటా, చుట్టాలు వస్తానే ఉంటారు కదా, సామి దర్శనం అని. మాకు దూరం తక్కువ కాబట్టి చార్జింగు బాధ లేదు, కానీ నేను చేసిన తప్పు ఒకటి చెప్తా, నువ్వు చేయొద్దు. ఒకసారి పైన తెలిసినోళ్ల దగ్గర ప్లగ్గు దొరికిందని రాత్రంతా పెట్టి 100 చేసుకుని పొద్దున్నే దిగినా. బ్యాటరీ నిండుగా ఉంటే వచ్చే కరెంటు యాడికి పోవాల? కుండ నిండినాక నీళ్లు పోస్తే ఏమవుతాది? రీజెన్ పనిచేయలా, బండి కాలు తీసినా జారుకుంటా పోతాంది, ఆ వంపులన్నీ ఉత్త బ్రేకుల మీదే దిగినా, సగం దిగేటప్పటికి మాడిన వాసన. కొండ దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం వాళ్లు టైము పెట్టినారు కదా, ఆ రోజు నాకు ఆ టైము కూడా చాలలేదు, పక్కన ఆపి ఆపి దిగినా. అప్పటి నుంచి పైన చార్జింగ్ పెడితే 85 దగ్గర తీసేస్తా.

ఆర్టీసీ వాళ్ల ఎలక్ట్రిక్ బస్సులు 2022 సెప్టెంబరు నుంచి ఇదే ఘాట్‌లో ఎక్కి దిగుతాండాయి, నిండా జనంతో. బస్సుకి కాని భయం మనకేల?

ఘాట్‌రోడ్_గిరి
డిసెంబరు 3, ఉదయం 10:30

ఇది కరెక్టు పాయింటే గానీ అరకుకి ఒక తేడా ఉందండి. అరకు గిన్నెలో ఉన్నట్టు లోయలో ఉంటాది, ఎస్.కోట వైపు రావాలంటే ముందు మళ్లీ గాలికొండ ఎక్కాలి. ఆ ఎక్కుడుకే పది పర్సంట్ ఖర్చయిపోద్ది కాబట్టి అక్కడ 100 పెట్టుకుని బయల్దేరినా ఏటీ కాదు. లంబసింగి అలా కాదు, ఊరు దాటగానే నర్సీపట్నం వైపు దిగుడు మొదలు. అక్కడ రాత్రి ఉండి ఫుల్ చేసుకున్నోళ్లు జాగ్రత్త, పైగా తెల్లారి చలికి బ్యాటరీ గడ్డకట్టినట్టుంటాది, అది కాస్త వేడెక్కేదాకా రీజెన్ అంతంతమాత్రమే.

వాల్తేరు_లోకో
డిసెంబరు 3, మధ్యాహ్నం 2:17

పిల్లలంతా కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారు గానీ ఆ కొండ మీద ఈ ఆట మేము ఎప్పటినుంచో ఆడుతున్నామయ్యా. నేను కేకే లైన్లో, అంటే కొత్తవలస, కిరండూల్ రైలు మార్గంలో, గూడ్స్ నడిపి రిటైరైనవాణ్ణి. కొత్తవలస నుంచి పైకి ఖాళీ వ్యాగన్లు, పైనుంచి బైలదిల్లా ఇనుప ఖనిజంతో నిండు వ్యాగన్లు కిందికి. అంటే ఎక్కేటప్పుడు తేలిక, దిగేటప్పుడు బరువు. శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తు, అక్కడ నుంచి ఆ బరువుతో సొరంగాల్లోంచి దిగుతుంటే మాకు ఎక్కడం గురించి ఏనాడూ భయం లేదు, దిగడం గురించే. పాత ఇంజన్లలో మోటార్లతోనే బ్రేకు పడేది గానీ ఆ పుట్టిన కరెంటు రెసిస్టెన్సుల్లో కాలిపోయి వేడిగా ఇంజను పైనుంచి పోయేది, చలికాలం ఆ వేడి కుంపటి లాగా ఉండేది. త్రీ ఫేజ్ ఇంజన్లు వచ్చాక అదే కరెంటు తీగలోకి వెనక్కి పోతోంది, ఎదురుగా ఎక్కే బండి దాన్ని వాడుకుంటుంది. మీ బండిలో ఎదురు బండి లేదు, బ్యాటరీ ఉంది, అంతే తేడా.

కిరణ్ బాబూ, దిగేటప్పుడు న్యూట్రల్‌లో మాత్రం వేయకు. డ్రైవర్లు కొందరు ఆదా అని వేస్తారు. మీ బండికి న్యూట్రల్ వేస్తే ఆదా పోయి ప్రాణం మీదికొస్తుంది.

గోపాలపట్నం_కిరణ్
డిసెంబరు 3, సాయంత్రం 7:10

తాతగారూ మీ పోస్టు మా వాడికి చదివి వినిపించా, ఇప్పుడు వాడికి కారు వద్దట, ఇంజను కావాలట. నమస్కారం 🙏

ఓరుగల్లు_పోరడు
డిసెంబరు 3, రాత్రి 9:33

అన్నా నేను హైదరాబాద్ నుంచి శ్రీశైలం మస్తు సార్లు పోయిన. గుట్టల మీద లాడ్జిలల్ల అసలు ప్రాబ్లం ప్లగ్గు కాదు, ఎర్తింగ్. చార్జర్ పెట్టంగనే రెడ్ లైట్ వస్తది, ఎర్త్ ఫాల్ట్ అంటది. గప్పుడు ఏం జేయాలంటే ఒక చిన్న అడాప్టర్ చేసుకొని పెట్టుకో, ప్లగ్గుల న్యూట్రల్ పిన్నుకెల్లి ఎర్త్ పిన్నుకు ఒక వైరు ముక్క కలిపేయ్. చార్జర్ మోసపోతది, గ్రీన్ వస్తది. నేను రెండు సార్లు చేసిన, ఏం గాలే.

కరెంటు_శీను
డిసెంబరు 3, రాత్రి 10:20

దయచేసి పై పోస్టు ఎవరూ పాటించొద్దు. పాటించొద్దు.

నేను ఇరవై ఏళ్ల నుంచి ఎలక్ట్రీషియన్‌ని, లాడ్జిలు, కల్యాణ మండపాలు వైరింగ్ చేస్తాను. తమ్ముడూ నీకు ఏం కాలేదు నిజమే, అయినవాళ్లు వచ్చి ఇక్కడ పోస్టులు రాయరు. నువ్వు చెప్పిన ముక్క వైరు పెడితే బండి బాడీ మొత్తం న్యూట్రల్‌కి కలిసిపోయింది. బయట ఎక్కడో ఆ న్యూట్రల్ వైరు లూజైనా, తెగినా, పాత బిల్డింగుల్లో స్విచ్ బోర్డు వెనకాల ఎవడో ఫేజు, న్యూట్రల్ అటుదిటు ఇటుదటు కలిపినా, ఆ క్షణం నుంచి కారు రేకు మీద 230 వోల్టులు. మంచుకి తడిసిన నేల మీద చెప్పుల్లేకుండా పిల్లాడు వచ్చి డోరు పట్టుకుంటే? చార్జర్ రెడ్ చూపించేది మీ మీద కోపంతో కాదు. దాని పనే అది.

సరైన పని ఏంటంటే అదే బిల్డింగులో ఎర్త్ ఉన్న పాయింటు వెతకడం. గీజరు పాయింటుకి ఎర్త్ ఉండాలి గానీ సగం లాడ్జిల్లో ఉండదు. మోటారు స్టార్టరు దగ్గర, కిచెన్‌లో గ్రైండరు, పెద్ద ఫ్రిజ్ పెట్టే పాయింట్ల దగ్గర ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ షాకు కొడితే వంటవాడు మర్నాడు పనికి రాడు. పది రూపాయల టెస్టరు వల్ల ఉపయోగం లేదు, ప్లగ్గులో పెడితే మూడు లైట్లతో ఎర్త్ ఉందో లేదో చెప్పే చిన్న డబ్బా దొరుకుతుంది, అది కొనుక్కోండి. ఎక్స్‌టెన్షన్ అయితే మిక్సీకి వాడే సన్న వైరు వద్దు, 4 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరుతో చేయించుకోండి, చుట్ట మొత్తం విప్పి పరవండి, చుట్ట మీదే వదిలేస్తే లోపల ఉడికిపోతుంది. అరగంట తర్వాత ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే పర్లేదు, చురుక్కుమంటే తీసేయండి.

ఓరుగల్లు_పోరడు
డిసెంబరు 3, రాత్రి 10:44

సరే శీనన్నా, గట్ల ఆలోచన చేయలే. ఆ వైరు ముక్క తీసి పారేస్త. కానీ ఎవలైన మాకు ముందు చెప్తే గదా, యూట్యూబుల అందరు గదే చూపిస్తున్నరు.

కరెంటు_శీను
డిసెంబరు 3, రాత్రి 10:50

యూట్యూబులో చూపించినవాడు మర్నాడు కూడా వీడియో పెట్టాడా అని చూసుకో 🙂 ఏమనుకోకు తమ్ముడూ.

డెన్వర్_దొర
డిసెంబరు 4, ఉదయం 5:12

కొలరాడో నుంచి ఒక చిన్న ముచ్చట. ఇక్కడ పైక్స్ పీక్ అని 14,115 అడుగుల కొండ, శిఖరం దాకా కారు రోడ్డు ఉంది. దిగేటప్పుడు మధ్యలో రేంజర్లు అందరినీ ఆపి బ్రేకుల వేడి చూస్తారు, కాలుతుంటే పక్కన పెట్టించి చల్లారాక పంపుతారు. మా ముందున్న పెట్రోలు బండిని ఆపేశారు, నా ఎలక్ట్రిక్ బండి బ్రేకులు చల్లగా ఉన్నాయి, వెళ్లమన్నారు. పైనుంచి కిందికి వచ్చేసరికి చార్జింగ్ పెరిగింది కూడా. అయితే అక్కడ చలికి ఎక్కేటప్పుడు హీటరు బాగా తినేసింది, ఆ బాధ అరకులో ఉండదు లెండి.

పాడేరు_టీచరమ్మ
డిసెంబరు 4, రాత్రి 8:05

ఇంతమంది కొండ గురించి మాట్లాడుతున్నారు, కొండ మీద ఉండేదాన్ని నేనొక్కదాన్నే ఉన్నట్టున్నాను ఇక్కడ. రెండు మూడు సంగతులు చెప్తాను కిరణ్ గారూ.

మా దగ్గర కరెంటు ఉంటుంది, వోల్టేజీ ఉండదు. చాలా దూరం నుంచి అడవిలోంచి వచ్చే లైన్లు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా ట్యూబ్ లైటు కూడా కొట్టుకుంటూ వెలుగుతుంది, టూరిస్టు సీజన్లో అన్ని లాడ్జిల గీజర్లూ ఒకేసారి వేస్తారు కదా. మా ఇంట్లో స్టెబిలైజరు మీద 175 చూసిన రోజులున్నాయి. పది దాటాక మెల్లగా లేస్తుంది, అర్ధరాత్రి 220 చూపిస్తుంది, మళ్లీ పొద్దున్న అయిదింటికి గీజర్లు మొదలు. మీ చార్జింగ్ ఏదైనా ఉంటే ఆ మధ్యలోనే. సాయంత్రం పెట్టి పనిచేయట్లేదని లాడ్జి వాళ్లతో గొడవ పడొద్దు.

రెండోది కాస్త కోపంగానే చెప్తున్నాను. పోయిన సంక్రాంతికి ఒక కారు వాళ్లు చార్జింగ్ అయిపోవస్తోందని దారిలో ఒక గూడెంలో ఆగి, ఒక ఇంట్లో ప్లగ్గు పెట్టుకుంటామని అడిగారు. వాళ్లు పాపం ఎవరొచ్చి ఏదడిగినా కాదనరు. ఆ ఇంటికి ఉన్నది రెండు బల్బులు, ఒక ఫ్యాను, సెల్లు చార్జరు. ఆ సన్నని సర్వీసు వైరుకి కారు తగిలిస్తే ఏమవుతుంది, కాలిపోయింది. కారు వాళ్లు 500 చేతిలో పెట్టి వెళ్లిపోయారు. లైన్‌మ్యాన్ వచ్చి సరిచేసేదాకా నాలుగు రోజులు ఆ ఇంట్లో చీకటి, ఆ ఇంటి పిల్ల నా క్లాసే, అందుకే నాకు తెలిసింది. మీ చార్జింగ్ అయిపోతే పక్కన పెట్టి టోయింగ్ బండిని పిలుచుకోండి. వాళ్ల మీటరు జోలికి వెళ్లొద్దు.

మూడోది, అరకు నుంచి పాడేరు 45 కిలోమీటర్ల దాకా, ఎత్తుపల్లాలే గానీ పెద్ద ఎక్కుడు లేదు. పాడేరు నుంచి లంబసింగి ఇంకో 60 దాకా. ఆదివారం ఒక్కరోజులో అమ్మగారితో మోదకొండమ్మ గుడి, లంబసింగి రెండూ అంటే చార్జింగ్ సంగతి అటుంచండి, ఆవిడకే ఓపిక ఉండదు. గుడి చూసుకుని మాడుగుల ఘాట్ దిగిపోండి, కింద హల్వా కొనుక్కోండి, చోడవరం, సబ్బవరం మీదుగా ఇల్లు చేరతారు.

గోపాలపట్నం_కిరణ్
డిసెంబరు 4, రాత్రి 8:40

టీచర్ గారూ మీరు చెప్పింది మనసులో పెట్టుకుంటా. లంబసింగి కొట్టేశా. మా ఆవిడ "నేను మొదట్నుంచీ అదే చెప్తున్నా" అంటోంది, ఎప్పుడు చెప్పిందో నాకైతే గుర్తులేదు. శీను గారు చెప్పిన వైరు, మూడు లైట్ల డబ్బా రెండూ రేపు డాబాగార్డెన్స్ వెళ్లి తెచ్చుకుంటా. వచ్చాక రిపోర్టు పెడతా.

పెట్రోలే_ముద్దు
డిసెంబరు 14, రాత్రి 9:15

ఏం బ్రదర్, ఎక్కడున్నారు? కొండ మీదే ఉన్నారా, కిందికొచ్చారా? 😂

గోపాలపట్నం_కిరణ్
డిసెంబరు 15, రాత్రి 10:25

వచ్చాం వచ్చాం. నిన్న రాత్రి రాగానే పడుకున్నా, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా, పెద్దదే ఉంటాది ఓపిక చేసుకోండి.

శనివారం ఆరున్నరకి 100తో బయల్దేరాం. కొత్తవలస, ఎస్.కోట, టిఫిను అక్కడే, బండి 78. డముకు దగ్గర గిరి గారు చెప్పిన నాటకం అచ్చు అలాగే జరిగింది, రేంజి 150 నుంచి 64కి పడిపోయింది. ముందే నేను ఆ నంబరు మీద చిన్న కాగితం ముక్క అంటించేశా, అమ్మ "అదేట్రా కాగితం" అంటే దిష్టి తగలకుండా అని చెప్పా. గాలికొండ 43. మాస్టారి లెక్కకి రెండు పర్సంట్ తేడా, అదీ ఒకచోట రోడ్డు పనుల దగ్గర ఇరవై నిమిషాలు ఆపేస్తే ఏసీ వేసుకుని కూర్చున్నందుకు. అరకు 39, మ్యూజియం, చాపరాయి తిరిగొచ్చేసరికి 35.

అసలు కథ రాత్రి. ముందు ఆ పచ్చ చుక్క దగ్గరికి వెళ్లా. షట్టర్ వేసున్నదాన్ని చూసినోడే నిజం రాశాడు. లాడ్జిలో గీజరు పాయింటుకి డబ్బా పెడితే ఎర్త్ లైటు వెలగలేదు. రెండో ఫ్లోరు, రిసెప్షన్, ఎక్కడా లేదు. మేనేజరు మంచోడే, నాతో పాటు టార్చి పట్టుకుని తిరిగాడు, "ఎర్త్ ఉంది సార్, బిల్డింగ్ కట్టినప్పుడు వేశాం" అని వెనకాల గొయ్యి చూపించాడు, గొయ్యి ఉంది, దాని నుంచి వైరు ఎటూ వెళ్లట్లేదు. ఆ టైములో ఓరుగల్లు తమ్ముడి ముక్క వైరు గుర్తొచ్చిందని ఒప్పుకుంటున్నా. మా వాడు అప్పుడే కారు చుట్టూ చెప్పుల్లేకుండా పరిగెడుతున్నాడు. ఆ ఆలోచన అక్కడితో పోయింది.

శీను గారి మాట గుర్తొచ్చి పక్కనున్న హోటలు వాళ్ల కిచెన్‌లో అడిగా, మేం రాత్రి భోజనం చేసిందీ అక్కడే. గ్రైండరు పాయింటు. డబ్బా పెడితే మూడు లైట్లూ సరిగ్గా వెలిగాయి, నాకు దీపావళి లాగా అనిపించింది. వంట మాస్టరు ఒక్కటే షరతు పెట్టాడు, ఇడ్లీ పిండి రుబ్బడం పదిగంటలకి అయిపోద్ది, పొద్దున్న నాలుగున్నరకి చట్నీకి గ్రైండరు కావాలి, ఆ లోపు తీసెయ్యాలి. సరే అని కిటికీలోంచి వైరు లాగి పదింపావుకి పెట్టా. మొదట్లో రెండుసార్లు వోల్టేజీ తక్కువని ఆగిపోయింది, పదకొండు దాటాక టీచర్ గారు చెప్పినట్టే కుదురుకుంది. నాకు నిద్ర పట్టలేదు, గంటకోసారి లేచి మఫ్లరు కట్టుకుని వెళ్లి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూసి రావడమే. మూడింటికి వెళ్తే అక్కడ ఒక కుక్క ఛార్జర్ పెట్టె పక్కన వెచ్చగా పడుకుని ఉంది. నాలుగున్నరకి మాస్టరు వచ్చి కిటికీ కొట్టాడు, 76. లెక్కేసి యూనిట్‌కి 15 చొప్పున ఇస్తే తీసుకోనన్నాడు, అక్కడే టిఫిన్లు చేసి దానికి కలిపి ఇచ్చాం.

ఆదివారం పాడేరు 55. అమ్మ మొక్కు తీరింది, గుడి దగ్గర గంటన్నర కూర్చుంది, లంబసింగి పెట్టుకుని ఉంటే ఏమయ్యేదో. ఘాట్ దిగేటప్పుడు 55 కాస్తా 57 అయింది, నేను అరిచేసరికి అందరూ ఏదో గుద్దామనుకున్నారు. మాడుగులలో హల్వా, రెండు కేజీలు, 56. అక్కడి నుంచి చోడవరం, సబ్బవరం, పెందుర్తి, ఇల్లు చేరేసరికి 21.

లెక్కల_మాస్టారు
డిసెంబరు 15, రాత్రి 10:50

ఆ రెండు పర్సంట్ తేడాలో హల్వా బరువు లేదు కదా, అది దిగేటప్పుడు కొన్నారు. సరే ఒప్పుకుంటున్నా.

కరెంటు_శీను
డిసెంబరు 15, రాత్రి 11:08

ఆ లాడ్జి మేనేజరుకి చెప్పండి, గొయ్యి ఉంది కాబట్టి వైరు లాగి బోర్డుకి కలపడం ఒక్కపూట పని. మీ కారు కోసం కాదు, అక్కడ గీజర్ కింద స్నానం చేసేవాళ్ల కోసం.

గోపాలపట్నం_కిరణ్
డిసెంబరు 15, రాత్రి 11:15

చెప్పా శీను గారూ. సంక్రాంతిలోపు చేయిస్తానన్నాడు. చేయిస్తే ఫోటో పంపమన్నా.

పాడేరు_టీచరమ్మ
డిసెంబరు 16, ఉదయం 7:30

గుడి దాకా వచ్చి నాకు ఒక్క మెసేజ్ పెట్టలేదు. హల్వా మాత్రం రెండు కేజీలు.

గోపాలపట్నం_కిరణ్
డిసెంబరు 16, ఉదయం 7:44

తప్పయిపోయింది టీచర్ గారూ 🙏 మోదకొండమ్మ జాతరకి మళ్లీ వస్తాం, అమ్మ అప్పుడే అనేసింది.

పెట్రోలే_ముద్దు
డిసెంబరు 16, ఉదయం 9:02

బ్రదర్, ఆ వంట మాస్టరుది ఏ హోటలో కాస్త ప్రైవేటుగా మెసేజ్ పెట్టు. నాకు కాదు. మా బావ ఈవీ బుక్ చేశాడు, జనవరిలో అందరినీ అరకు తీసుకెళ్తానంటున్నాడు, నన్ను కూడా ఎక్కమంటున్నాడు.